అప్ప తీసిన ఫొటో

మొన్న మా మనవరాలు కాలేజీ స్నేహితులతో కలిసి అరకు వైపు వెళ్ళి వచ్చింది. వచ్చీ రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా నా మంచం మీద కూలబడి, ఫోన్ తీసి నా కళ్ళ ముందు పెట్టింది. వేలితో జరుపుతూ ఉంటే ఒకదాని వెనక ఒకటి జలపాతం ఫొటోలు. అన్నింట్లోనూ ముందు తనే, వెనక నీళ్ళు. వానలు లేని రోజులు కదా, నీళ్ళు పలచగా, తెల్లటి పాయలుగా రాళ్ళ మీద నుంచి జారుతున్నాయి. ఒక ఫొటోలో ఆ పాయల పక్కన ఏనుగు వీపులా ఉన్న నల్లటి బండ కనిపించింది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏటి అమ్మమ్మా, ఈ ప్లేస్ నీకు తెలుసా?"

"సిన్నప్పుడెల్లేను."

"నువ్వా? ఎవరితో?"

"మా అప్పతో," అన్నాను.

అది నవ్వేసి స్నానానికి పోయింది. తనకి తెలిసి నాకు అక్కలెవరూ లేరు. కింద గోపాలపట్నం రోడ్డు మీద బస్సులు, ఆటోలు ఒకటే మోత. నేను కదలకుండా అక్కడే కూర్చుండిపోయాను. అప్ప గురించి ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

మాది సముద్రం ఒడ్డునున్న పేట. అక్కని అప్ప అని, నాన్నని అయ్య అని పిలవడం అక్కడి అలవాటు. అప్పటికి స్టీల్ ప్లాంటు లేదు. మా ఇళ్ళకీ నీళ్ళకీ మధ్య రోడ్డు కూడా లేదు. తాటాకు ఇళ్ళు, ఇళ్ళ ముందు ఇసుకలో ఎండబెట్టిన నెత్తళ్ళు, వాటికి కాపలాగా కర్ర పట్టుకుని నేను. కాకిని తోలుతున్నట్టు నటిస్తూ సగం ఎండిన చేపల్ని నోట్లో వేసుకునేదాన్ని. ఉప్పగా, ఇసుక తగులుతూ ఉండే ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. సాయంత్రమైతే ముసలివాళ్ళు తెప్పలకి ఆనుకుని వలలు బాగుచేసుకుంటూ, గాలి ఎటు తిరిగిందో, ఏ చేప ఎప్పుడొస్తుందో తగువులాడుకునేవారు. పోర్టులోంచి ఓడ కూస్తే అది వచ్చే ఓడో పోయే ఓడో కూతను బట్టి చెప్పడం మాకొక ఆట. ఆ ఆటలో ఎప్పుడూ అప్పే గెలిచేది.

అయ్య తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో వీధులన్నీ తిరిగేది. ఇంట్లో వంట, నేను, కోళ్ళు అన్నీ అప్ప చేతిలోనే ఉండేవి. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. నా జడ ఎంత గట్టిగా లాగి వేసేదంటే కనుబొమలు పైకి లేచి రోజంతా ఆశ్చర్యపోతున్నదానిలా తిరిగేదాన్ని.

మా ఇంట్లో ఫొటో అన్నదే లేదు. అప్ప కంటే ముందు అమ్మకి ఒక మగపిల్లవాడు పుట్టాడు. సింహాచలం కొండ కింద తిరనాళ్ళలో ముచ్చటపడి వాణ్ణి ఫొటో తీయించారు. ఫొటో చేతికి రాకముందే వాడు వాంతులు పట్టి పోయాడు. ఆ ఫొటో తెచ్చుకోవడానికి అమ్మ ఎవరినీ వెళ్ళనివ్వలేదు. ఫొటో ఆయుస్సు తాగేస్తుందని అప్పటి నుంచి అమ్మ గట్టి నమ్మకం. పేటలోకి ఎవరైనా మెడలో కెమెరా వేసుకుని వస్తే మా ఇద్దరినీ లోపలికి లాగి తలుపు వేసేసేది. ఒకసారి నూకాలమ్మ పండగలో, తెర ముందు నిలబడి ఫొటో తీయించుకుంటానని అప్ప పేచీ పెట్టింది. అమ్మ జనం మధ్య నుంచి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చేసింది.

అప్పకి చిన్నప్పుడు కీళ్ళవాపు జ్వరం వచ్చి తగ్గిందట. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పెద్దమనిషయ్యాక ఆయాసం మొదలైంది. ముందు బిందె ఎత్తితే వచ్చేది, తర్వాత నడిస్తే వచ్చేది, ఆ తర్వాత పడుకున్నా వచ్చేది. పెద్దాసుపత్రిలో చేర్చారు. గుండెలో తలుపులాంటిది ఒకటుందని, అది సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టరు చెప్పాడు. అమ్మకి ఆ మాట ఎలా అర్థమయిందో గానీ, ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడల్లా మా ఇంటి తలుపు రెండుసార్లు తోసి చూసి మరీ గడియ పెట్టేది.

నేను రోజూ మధ్యాహ్నం కేరేజీ తీసుకెళ్ళేదాన్ని. అప్పకి ఉప్పు పెట్టవద్దన్నారు. సముద్రం ఒడ్డున పుట్టి ఉప్పు లేని కూడు తినమంటే ఎలా అని మా పేట ఆడవాళ్ళందరూ నోరు నొక్కుకున్నారు. అప్ప అన్నం కలిపి, ముద్ద నోటి దాకా తెచ్చి, నా వైపు చూసి మొహం వికారంగా పెట్టేది. నేను నవ్వితే ఆ ముద్ద మింగేది. ఆ ఆటతోనే కేరేజీ ఖాళీ అయ్యేది.

ఆ వార్డులో అప్ప మంచానికి ఎదురుగా గోడ మీద ఒక కేలండరు ఉండేది. దాని మీద జలపాతం బొమ్మ. నెలలు చిరిగిపోతున్నా బొమ్మ అదే.

"సిన్నీ, అంత ఎత్తు మీంచి పడతన్నాయి గదా, సప్పుడెలగుంటాదంటావు?" అని అడిగింది ఒకరోజు.

"కెరటంలాగే ఉంటాది."

"ఉండదు. కెరటమైతే ఎనక్కెల్తాది. ఇది ఎల్లదు కదా."

మందులిచ్చే నర్సమ్మ ఆ మాట విని, అలాంటివి మన కొండల్లో కూడా ఉన్నాయని, కిరండోల్ వెళ్ళే రైలెక్కితే మధ్యాహ్నానికి చూడొచ్చని చెప్పింది. అప్పటి నుంచి అప్ప మాటల్లో రోజూ ఆ రైలు ఒకటి నడుస్తూ ఉండేది.

మాఘమాసం వెళ్ళాక డాక్టరు అయ్యనీ అమ్మనీ పక్కకి పిలిచాడు. ఆపరేషన్ తట్టుకునే స్థితి దాటిపోయిందన్నాడు. ఇంటికి తీసుకెళ్ళండి, ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు. ఆ మాటకి అర్థం మా పేటలో అందరికీ తెలుసు. నాకు తెలియదు. ఇంటికొచ్చేస్తోందని సంతోషంతో రిక్షా ముందు పరుగెత్తాను.

అప్పని గుమ్మం పక్కన, సముద్రం కనబడేలా పడుకోబెట్టారు. అమ్మ పక్కన చతికిలబడి తల నిమురుతూ అడిగింది. "ఏటి తింటావు తల్లీ? కోడిని కొయ్యనా? అరిసెలొండనా?"

"నాకేటీ తినాలని నేదమ్మా. ఆ నీళ్ళు సూడాలనుంది. కొండ మీంచి పడతాయే, అవి."

అమ్మ అయ్య వైపు చూసింది. అయ్య సముద్రం వైపు చూశాడు.

మా మేనత్త కొడుకు, మా బావ, గోపాలపట్నంలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాడు. అప్పకీ అతనికీ పెళ్ళని మాకు ఊహ తెలిసినప్పటి నుంచి అనుకుంటున్న మాటే. అప్పకి జబ్బు చేశాక అత్త రాకపోకలు తగ్గించింది. ఆ వేసవిలో పెళ్ళి చేసేలా అతనికి వేరే సంబంధం ఖాయం చేసిందని అప్పటికే మాకు కబురొచ్చింది. అయినా అమ్మ పనిగట్టుకుని బావ దగ్గరికి వెళ్ళింది. మర్నాడు అతను వచ్చాడు. గుమ్మంలో నిలబడి అప్ప వైపు చూడలేక చూరు వైపు చూస్తూ మాట్లాడాడు.

"వానలు పడ్డాక ఎల్దాం అత్తా. ఇప్పుడు నీళ్ళు తక్కువుంటాయి. శ్రావణంలోనైతే ఫొటోలో బెమ్మాండంగా వొత్తాది."

"ఇప్పుడే ఎల్దాం," అంది అమ్మ.

ఫొటో అన్న మాట అప్ప విన్నది. అమ్మ మొహం వైపు చాలాసేపు చూసి, అటు తిరిగి పడుకుంది.

మేము ఐదుగురం తెల్లారే రైలెక్కాం. అయ్య ఒక పాత వలని మడతలు పెట్టి, తెప్ప నడిపే పొడుగాటి వెదురుగెడతో సహా రైల్లోకి ఎక్కించాడు. వల వాసనకి పెట్టెలో సగం మంది ముక్కులు మూసుకున్నారు. ఒకాయన గట్టిగా అనేశాడు కూడా, ఇదేమైనా చేపల బండా అని. అయ్య తల దించుకుని, "పిల్లని మొయ్యాలి బాబూ, స్టేసను నుంచి నడిసి ఎల్లాలంట," అన్నాడు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న అప్పని ఆయన అప్పుడు చూశాడు. లేచి తన బల్ల కూడా ఇచ్చేసి తలుపు దగ్గర నిలబడ్డాడు.

కొత్తవలస దాటాక బండి కొండలెక్కడం మొదలుపెట్టింది. అంతవరకూ చదునుగా ఉన్న నీళ్ళు తప్ప చూడని మాకు అంత ఎత్తు నేల చూస్తే కళ్ళు తిరిగాయి. మోదుగలు ఆకుల్లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. కిటికీలోంచి ఇప్పపువ్వు వాసన తియ్యగా, కొంచెం పులిసినట్టు వచ్చేది. సొరంగం వస్తే పెట్టెంతా చీకటి. పిల్లలందరం ఒకటే కేక. రెండో సొరంగంలో నాకంటే గట్టిగా కేక వేసింది అప్పే. వెలుతురు వచ్చేసరికి ఆయాసంతో వంగిపోయి, అయినా నవ్వుతోంది. అమ్మ వీపు రాస్తూ, "సిన్నపిల్లవేటే," అని తిట్టింది. తిడుతూనే పైటతో కళ్ళు తుడుచుకుంది.

చిన్న స్టేషన్లో దిగాం. అయ్య వలని గెడకి రెండు వైపులా కట్టి ఊయలలా చేశాడు. అందులో దుప్పటి పరిచి అప్పని కూర్చోబెట్టి, ముందు తను, వెనక బావ భుజాలకెత్తుకున్నారు.

"సేపని మోసుకెల్లినట్టు మోసుకెల్తన్నారు నన్ను," అంది అప్ప.

"ఇంత తేలిక సేపని బజారులో ఎవులూ కొనరే," అన్నాడు అయ్య.

అది నవ్వులాటగా అన్నదే. కానీ అన్నాక అయ్య గెడని భుజం మీద సర్దుకుని, తల దించుకుని నడిచాడు. అప్ప నిజంగానే అంత తేలికైపోయింది.

కెమెరా నా మెడలో వేశారు. తోలు పెట్టెలో పెట్టిన బరువైన వస్తువు. స్టూడియో యజమానిది. పరుగెత్తకు, పడిపోకు, దేనికీ తగలనివ్వకు అని బావ వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. దారిలో జీడిమామిడి చెట్ల కింద పళ్ళు రాలి ఉన్నాయి. ఒక చేత్తో కెమెరా పట్టుకుని రెండో చేత్తో ఆ పళ్ళు ఏరి తిన్నాను. రసం గౌను మీద కారి మరకలైపోయింది. గొంతులో జిలపుట్టి దగ్గు. ఊయల్లోంచి అప్ప చెయ్యి చాపి, "నాకో?" అంది. ఇచ్చాను. పండు చీక్కుంటూ, కాళ్ళు ఊపుకుంటూ కొండదారిలో వెళ్ళింది.

జలపాతం కనబడకముందే వినబడింది. అప్ప గెడ మీద చేత్తో కొట్టింది.

"అయ్యా, ఆపు. దింపు నన్ను."

దింపారు. కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది. చెట్ల మధ్య నుంచి ఆ చప్పుడు ఎడతెగకుండా వస్తోంది.

"సూసేవా సిన్నీ," అంది. "సముద్రం ఊపిరి తీసుకుంటాది. ఇది తీసుకోదు. దీనికి అక్కర్నేదు."

నీళ్ళు కేలండరులో ఉన్నంత లేవు. నల్లరాయి మీద నుంచి రెండు మూడు పాయలుగా దిగి, కింద గుండంలో తేటగా నిలబడ్డాయి. అప్ప మాత్రం కేలండరు మాట ఎత్తలేదు. పాదాలు గుండంలో పెట్టుకుని, చల్లదనానికి వేళ్ళు ముడుచుకుంటూ, విప్పుకుంటూ చూసింది. అమ్మ గుండం ఒడ్డున నిలబడింది. పేటలో కుళాయి దగ్గర తెల్లవారుజాము నుంచి బిందె పెట్టుకుని తగువులాడే మనిషి. చివరికి, "ఇన్ని మంచినీళ్ళు ఎవులికీ పట్టకుండా పోతన్నాయి," అని వంగి దోసిలి పట్టింది. తాగకుండా చూస్తూ ఉండిపోయింది.

బండ మీద కూర్చుని భోజనాలు చేశాం. అమ్మ ఆకుల్లో అన్నం, మామిడికాయ పప్పు పెట్టింది. ఒక పొట్లం విప్పి అప్ప ఆకులో ఉప్పుచేప వేపుడు వేసింది. నేను ఆశ్చర్యపోయి, "అప్పకి ఉప్పు పెట్టకూడదు గదమ్మా," అన్నాను. అప్ప ఆ ముక్కని వేళ్ళతో తుంచి నోట్లో పెట్టుకుని, ఏడాది తర్వాత తగిలిన ఉప్పుని నెమ్మదిగా చప్పరించింది. మొత్తం తినేసింది. అమ్మ ఇంకొకటి వేసింది.

భోజనాలయ్యాక అమ్మ సంచిలోంచి ఒక చీర తీసింది. లేతాకుపచ్చ రంగు, మడత విప్పని కొత్త చీర. తడిగుడ్డలో చుట్టిన కనకాంబరాల దండ తీసింది. దువ్వెన, కాటుక, బొట్టు. ఏనుగు వీపులాంటి బండ మీద అప్పని కూర్చోబెట్టి జడ విప్పడం మొదలుపెట్టింది.

"ఈ సీర ఎప్పుడు కొన్నావమ్మా?"

"ఉందిలే. కదలకు."

బావ నా మెడలోంచి కెమెరా తీసుకుని, మూత విప్పి, పై నుంచి లోపలికి తొంగిచూస్తూ నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"బావా, అది మూసీ," అంది అప్ప. కోపంగా అనలేదు. ఆయాసం వల్ల ముక్కలు ముక్కలుగా అంది. "అమ్మా, నీకు ఫొటోలంటే పడదు కదా. పండగలో తీయించుకుంటానంటే రెక్కట్టుకుని ఈడ్సుకొచ్చీసేవు. ఇయ్యాల నువ్వే తీయిత్తన్నావు."

అమ్మ దువ్వెన ఆగిపోయింది.

"నాకింక తగ్గడానికి ఆయుస్సు నేదని నీకు తెలిసిపోనాది. అంతే కదా?"

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. అమ్మ అప్ప వెనక మోకాళ్ళ మీద కూలబడింది. తన కూతురి భుజం మీద తల ఆనించి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగింది.

"ఒక్కటి తల్లీ. ఒక్కటే. నీ మొకం నాను మర్సిపోతే ఎలగే?"

"మర్సిపోవు. ఉంటే మాత్తరం దాన్ని గోడకేసి, దండేసి, దాని ముందు కూకుంటావు. గంపెత్తవు, వొండవు. సిన్నికి జడ ఎవులేత్తారు?"

అయ్య గుండం దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. కడిగిన మొహాన్నే మళ్ళీ కడుక్కున్నాడు. బావ కెమెరా రెండు చేతులతో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఇదంతా ఏమిటో నాకు తెలియలేదు గానీ, అమ్మ ఏడుస్తోందని నేనూ ఏడుపు మొదలుపెట్టాను. అప్ప నా వైపు చూసింది. మొహం మార్చుకుని, కొత్త మాట ఏదో తట్టినట్టు బావని పిలిచింది.

"అది నొక్కడం ఎలగో నాకు సూపించు బావా. నాను తీత్తాను ఈల్లని."

"నాకొద్దు," అంది అమ్మ వెంటనే.

"నువ్వడిగింది నాను ఇవ్వనేదు. నానడిగింది నువ్వియ్యవా?"

అమ్మ దువ్వెన బండ మీద పెట్టింది. తర్వాత లేచింది. పైట సర్దుకుని బండ దిగింది. "తియ్యి," అంది. "నా ఆయుస్సు తగ్గితే తగ్గనీ. తగ్గిందంతా నీకు సేరాల."

అప్ప ఆ కొత్త చీరని అమ్మ భుజాల చుట్టూ తనే కప్పింది. కనకాంబరాలు అమ్మ తల్లోనే పెట్టింది. మమ్మల్ని ముగ్గుర్నీ నీళ్ళ ముందు నిలబెట్టింది. బావ పక్కన కూర్చుని, ఎక్కడ తిప్పాలో ఎక్కడ నొక్కాలో మెల్లగా చెప్పాడు. ఇద్దరి తలలూ ఆ పెట్టె మీద వంగి, దాదాపు ఆనుకుని ఉన్నాయి. అప్ప అతనితో ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఏమందో నేను వినలేదు. ఆ తర్వాత ఎవరూ నాకు చెప్పలేదు.

"అయ్యా, ఇటు సూడు. బిగుసుకుపోకు."

"ఎటు సూడమంటావే? నువ్వా పెట్టిలోకి సూత్తన్నావు. నీ మొకమే అవుపడకపోతే ఎవుల్ని సూడాల?" అన్నాడు అయ్య.

అప్పకి నవ్వొచ్చింది. తల పైకెత్తి మా ముగ్గుర్నీ చూసి నవ్వింది. నవ్వుతూనే నొక్కింది.

వచ్చేటప్పుడు రైల్లో నేను నిద్రపోయాను. అప్ప చెయ్యి నా తల మీద ఉండడం, ఆ చేతికి జీడిపండు వాసన వెయ్యడం గుర్తుంది.

వారం తర్వాత బావ ఫొటో తెచ్చి ఇచ్చాడు. అప్ప దాన్ని దీపం దగ్గరికి కాదు, గుమ్మంలో ఎండలోకి పట్టుకుని చూసింది. "అమ్మ బాగుంది," అంది. అంతే. జ్యేష్ఠంలో బావ పెళ్ళయింది. కాళ్ళు వాచిపోయినా అప్ప నన్ను పెళ్ళికి పంపించింది, వచ్చాక అన్నీ అడిగింది, పెళ్ళికూతురు చెయ్యి ఎలా ఉందో కూడా అడిగింది. తొలకరి పడిన ఉదయం, చూరు నీళ్ళు ఇసుకలో గుంటలు చేస్తూ ఉండగా, అమ్మ గంజి చల్లారబెట్టి తెచ్చేలోగా పోయింది. అయ్య ఆ రోజు వేటకి వెళ్ళలేదు. గుమ్మం పక్కనే ఉన్నాడు.

పెద్దకర్మ నాడు చుట్టాలందరూ ఫొటో ఏదని అడిగారు. లేదని అమ్మ చెప్పింది. ఫొటో లేకుండా ఎలా అని ఒకావిడ అంటే, అమ్మ ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడనంత కటువుగా, "అది వొద్దంది," అంది. పదహారో రోజు కూడా కాకుండానే గంపెత్తింది. నా జడ అమ్మే వేసేది. వదులుగా వేసేది. బడికి వెళ్ళేలోగా ఊడిపోయేది.

అమ్మ అప్పని క్షమించిందని నేను అనుకోను. ఏళ్ళ తర్వాత కూడా ఉన్నట్టుండి చేపలు తోముతూ, "మొండిముండ. ఒక్కటి తీయించుకుంటే దాని సొమ్మేటి పోనాది," అనేది. ఇంకోసారి అప్ప తీసిన ఆ ఫొటో బయటికి తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని నాకు చూపించేది. "నా మొకం సూడు. అది నవ్వింది కదా, నానా నవ్వునే సూత్తన్నాను." నిజమే. ఆ ఫొటోలో అమ్మ, అయ్య, నేను ముగ్గురమూ ఒకే చోటికి చూస్తున్నాం. అక్కడ ఏముందో చూసినవాళ్ళు మేము ముగ్గురమే. అయ్య పోయాక ఇద్దరం మిగిలాం. సముద్రపు గాలికి ఫొటో బూజు పట్టి, ముందు నీళ్ళు చెరిగిపోయాయి, తర్వాత మేము.

బావ ముసలివాడయ్యాక ఒక పెళ్ళిలో కలిశాడు. ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు అప్ప సూడకుండా ఒక్కటి తీసీసి ఉండకూడదా బావా?"

"తీద్దామనే అనుకున్నాను," అన్నాడు. "కెమెరాలో సూసేను కూడాను. అది వొద్దంది కదా." మంచినీళ్ళ గ్లాసు చేతిలో తిప్పుతూ, తాగకుండానే పక్కన పెట్టేశాడు.

అప్ప మొహం నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. కోలమొహం అని తెలుసు. ఎడమ కనుబొమ దగ్గర చిన్న గాటు ఉందని తెలుసు. ఇవన్నీ తెలిసిన సంగతులే గానీ, కళ్ళు మూసుకుంటే మొహం రూపు కట్టదు. చెయ్యి గుర్తుంది. జడ లాగినప్పటి నొప్పి గుర్తుంది. పదిహేడో పద్దెనిమిదో ఏట ఆగిపోయిన అప్పకి నేనిప్పుడు నానమ్మ వయసుదాన్ని.

అమ్మకి ఆయుస్సు ఏమీ తగ్గలేదు. అయ్య పోయాక ఎన్నో ఏళ్ళు బతికింది. పేటలో ఇల్లు పోయాక గోపాలపట్నంలో నా దగ్గరే ఉంది. చివర్లో చూపు మందగించింది, మనుషుల్ని పోల్చుకోలేకపోయేది. నా పిల్లల్ని పేటలో ఎప్పుడో పోయినవాళ్ళ పేర్లతో పిలిచేది. నా విషయంలో మాత్రం ఒకే ఒక్కసారి తప్ప పొరపాటు పడలేదు.

ఒక మధ్యాహ్నం నేను మేడ మీద బట్టలు ఆరేసి, మెట్లు దిగి, రొప్పుతూ వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. అమ్మ కళ్ళు తెరిచి, చెయ్యి చాపి, నా గుండెల మీద ఆనించి పట్టుకుంది. అప్పని పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా విని ఎన్నేళ్ళయిందో.

"వొచ్చేవా తల్లీ," అంది. "ఆయాసం తగ్గిందా?"

నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

"తగ్గిందమ్మా," అన్నాను.

అమ్మ అలాగే చెయ్యి ఉంచి, కాసేపు వింది. తర్వాత చెయ్యి తీసేసి, గోడ వైపు తిరిగి నిద్రపోయింది.